లుకియా కన్న కల

కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది లుకియా, అదీ నాకు కోపమే. ఒళ్ళో, పోయినవాళ్ళ పేరున దీవించి పంచే గోధుమల పళ్ళెం పెట్టుకుని, మీద తెల్లటి గుడ్డ కప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పసిబిడ్డను అదుముకున్నట్టు అదుముకుంటోంది. గుడ్డ కింద ఏముందో నేను ఎత్తి చూడక్కర్లేదు. ఉడికించి ఆరబెట్టిన గోధుమలు, వేయించిన నువ్వులు, బాదం పలుకులు, ఎండుద్రాక్ష, పైన పంచదార పొడి చదునుగా పరిచి, దాని మీద వెండిరంగు మిఠాయి గుండ్లతో సిలువ, సిలువ కింద మొగుడు టోఫీస్ పేరులో మొదటి అక్షరం. దానిమ్మ గింజలు కూడా వేసిందట. జూన్ నెలలో దానిమ్మ గింజలు! కాయల కాలంలోనే ఒలిచి ఐసుపెట్టెలో గడ్డకట్టించి దాచిందట, ఇవాళ్టి కోసం. అంటే అప్పటి నుంచే ఈ రోజు గురించి ఆలోచించుకుంటూ ఉంది. చనిపోయాడని గట్టిగా తెలిసిన మొగుడు ఉన్న ఆడదానికే అంత ముందుచూపు ఉంటుంది. నా మొగుడు హంబీస్ చనిపోలేదు. బతికున్నాడనీ ఎవరూ చెప్పలేదు. కనబడకుండా పోయిన వాళ్ళలో ఒకడు, అంతే. కనబడకుండా పోయినవాడికి గోధుమలు ఉడికించకూడదు, ఉడికిస్తే నీ చేత్తో నువ్వే చంపినట్టు. అందుకే నా సంచిలో ఒక సీసా నూనె, రెండు కొవ్వొత్తులు, అంతకన్నా ఏమీ లేవు. తేలికైన సంచి. ఎంత తేలిగ్గా ఉందంటే దాన్ని కాలికింద పెట్టుకున్న సంగతే మరిచిపోతున్నాను, పక్కన ఆ పళ్ళెం బరువు మాత్రం నా తొడల మీదే ఉన్నట్టుంది.

వెనక సీట్లో మిరోఫోరా గుమ్మడి గింజలు కొరుకుతోంది. యుద్ధంలో సైనికులు మగవాళ్ళను తీసుకుపోయిన లారీనే ఆమె మొగుడు యాకోవీస్ కూడా మా వాళ్ళతో పాటు ఎక్కాడు, అతనూ దొరకలేదు. కిందటేడు వరకూ ముగ్గురం ఒకే రకం. ఇప్పుడు లుకియా వేరు, మేమిద్దరం వేరు.

“ఏమ్మా లుకియా, ఆ గుడ్డ కాస్త ఎత్తు, ఒక్క చెంచా రుచి చూస్తాను,” అంటోంది మిరోఫోరా సీటు మీదుగా మెడ చాపి. “మీ ఆయనేం అనుకోడులే. బతికున్నప్పుడు మా ఇంట్లో తిని మా ఆయన్నే తిట్టేవాడు.”

“ఆగవే! ఫాదర్ దీవించకుండా ముట్టుకుంటారా ఎవరన్నా?”

“ఫాదర్ దీవించే లోపు ఈ ఎండకి నేనే పోయేట్టున్నాను. అప్పుడు నా పేరు కూడా ఆ పంచదార మీదే రాసెయ్యండి, ఖర్చు కలిసొస్తుంది.”

బస్సంతా నవ్వింది. లుకియా కూడా నవ్వింది, పళ్ళెం కదలకుండా. ఆ నవ్వు చూడండి, ఎంత నిమ్మళంగా ఉందో. ఒకప్పుడు ఆమె నవ్వు ఇలా ఉండేది కాదు. మాలాగే సగం నవ్వి, ఎవరో తలుపు తట్టినట్టు సగంలో ఆపి, చెవి రిక్కించేది. ఇప్పుడు చివరిదాకా నవ్వుతుంది. తలుపు తట్టేవాడు లేడని తెలిసిపోయింది కదా.

నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చింది. నేను కాఫీ పెడుతున్నాను. పొయ్యి మీద చిన్న గిన్నెలో నురుగు పైకి లేస్తున్న సమయానికే, ఇంకెప్పుడూ దొరకనట్టు, “ఎలెంగూ, నీకో మాట చెప్పాలి, కోప్పడకు,” అంది. కోప్పడకు అనగానే నాకు కోపం వచ్చేసింది. “రాత్రి హంబీస్ కలలోకొచ్చాడే,” అంది. ఎవరి కలలోకి అన్నాను. “నా కలలోకే. టోఫీస్ పక్కన నిలబడ్డాడు. ‘టోఫీస్‌కి గోధుమలు పెడుతున్నారు, నాకు పెట్టేవాళ్ళే లేరా’ అన్నాడు. ఆకలి ముఖమే పాపం.” కాఫీ పొంగి పొయ్యంతా పాడైంది. ఆమె గుడ్డ అందుకుని తుడవబోతే చేతిలోంచి లాక్కున్నాను. అప్పుడు చెప్పింది అసలు మాట. రేపు అపొస్తలుడు బర్నబా పండగ, ఆయన సమాధి దగ్గర ఫాదర్ క్లియోపాస్ చనిపోయిన వాళ్ళ పేర్లు చదువుతాడు కదా, టోఫీస్ పేరు పక్కనే హంబీస్ పేరు కూడా చదివిద్దాం, వేరే పళ్ళెం అక్కర్లేదు, ఇదే ఇద్దరికీ సరిపోతుంది, నువ్వు ఊ అంటే చాలు. “అక్కడికి చేరే లోపు చెప్పు,” అని కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. నేను ఊ అనలేదు. ఊహూ అనీ అనలేదు. రాత్రంతా పక్క మీద కూర్చుని ఒక్కటే అనుకున్నాను, వచ్చేవాడు నా కలలోకి రావాలి కదా.

ఇన్నేళ్ళలో ఒక్కసారి రాలేదు. మా అమ్మ వచ్చింది. మా అత్తగారు చాలాసార్లు వచ్చింది, చచ్చిపోయాక కూడా నా చిక్కుడు కూర బాగుండలేదని చెప్పడానికి. ఊళ్ళో వదిలేసి వచ్చిన మా గాడిద కూడా వచ్చింది, తాడు తెంపుకుని. హంబీస్ రాలేదు. చనిపోయినవాళ్ళే కలలోకొచ్చి తిండి అడుగుతారని మా వైపు ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. కనుక రాలేదంటే ఎక్కడో ఉన్నాడని, ఏదో జైల్లోనో ఏదో గొర్రెల దొడ్లోనో పేరు మరిచిపోయి ఉన్నాడని, పొద్దున్నే లేచి కల రాలేదని సంతోషపడటం నాకు అలవాటు. పక్కింటావిడకి పీడకలలు రాలేదని సంతోషం, నాకు మా ఆయన రాలేదని సంతోషం. ఇప్పుడు వెళ్ళి వెళ్ళి లుకియా కలలోకి వెళ్ళాడు. ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. ఆమెను అడిగాడు. అడగడానికి నేను లేనా? పెళ్ళయిన కొత్తలో ఉప్పు కావాలన్నా నన్నే అడిగేవాడు, ఎదురుగా ఉన్నా చెయ్యి చాపేవాడు కాదు. ఆమెకు ఎలా కనిపించాడో, వయసులో ఉన్నప్పటిలాగానా, మాలాగా నెరిసిన జుట్టుతోనా? ఆమె కూర్చోమని అందా? మంచినీళ్ళిచ్చిందా? ఇచ్చే ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళను ఊరికే పంపే మనిషి కాదు.

బస్సు ఆగింది. దీవిని రెండుగా చీల్చిన గీత మీది గేటు దగ్గర అందరం కాగితాలు చూపించాలి, మా పుట్టిన ఊరి వైపు పోవడానికి. గాజు కిటికీ వెనక కుర్రది నా ముఖం చూసి, కాగితంలో ముఖం చూసి, మళ్ళీ నా ముఖం చూసింది. వరసలో మిరోఫోరా నా వెనకే నిలబడి, “ఏంటే ఇవాళ మూతి ముడుచుకున్నావు?” అంది. ఎవరితోనో ఒకరితో చెప్పకపోతే గుండె పగిలేట్టుంది, చెప్పేశాను, కల సంగతి, పేరు చదివించే సంగతి. గింజలు కొరకడం ఆపేసింది.

“అది రాత్రి బాగా చిక్కుళ్ళు మెక్కి పడుకుని ఉంటుంది. కలా లేదు గిలా లేదు.”

“ఎందుకు రాకూడదు? హంబీస్‌కి టోఫీస్ అంటే ప్రాణం.”

“ప్రాణమైతే నీ దగ్గరికి రాక దాని దగ్గరికి ఎందుకు పోతాడే?” అని, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఎలెంగూ, నువ్వు మాత్రం ఊ అనకు. విన్నావా? అది ఎటూ మన జట్టు వదిలి వెళ్ళిపోయింది. నువ్వు కూడా విధవల్లా నల్ల బట్టలు కట్టేస్తే, శనివారం సాయంత్రాలు అందరూ సమాధుల దగ్గరికి పోయాక నేను ఎవరి మొహం చూసి కూర్చోవాలి?”

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఆమె చెప్పింది తప్పని కాదు. హంబీస్ లుకియా దగ్గరికి ఎందుకు పోతాడు అని అందే, ఆ మాటే గుచ్చుకుంది, రాత్రంతా నన్ను నేను గుచ్చుకున్న చోటే.

గేటు దాటాక పొలాలు మొదలవుతాయి. కోత అయిపోయిన నేల, అక్కడక్కడా కరోబ్ చెట్లు, దూరంగా సముద్రం, సముద్రం అంచున సలమీ పాత పట్టణం రాళ్ళు. బర్నబా ఆ పట్టణం వాడే. మా వాడు. ఫాదర్ ప్రతి ఏడూ ఇదే చోట బస్సులో లేచి నిలబడి, సీటు రాడ్డు పట్టుకుని, ఊగుతూ చెబుతాడు. పౌలును ఎవరూ నమ్మని రోజుల్లో, మొన్నటిదాకా మనవాళ్ళను పట్టించిన మనిషి వీడని అందరూ భయపడుతున్నప్పుడు, నేను పూచీ అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది బర్నబాయే. మొదటి ప్రయాణం కట్టింది మన దీవికే. ఓడ దిగింది అదిగో ఆ రేవులోనే. అక్కడి నుంచి దీవి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళారు, పాఫులో రోము వాళ్ళ అధిపతి అంతటివాడు నమ్మాడు. ఈ రోజు లోకంలో ఇంత మంది సిలువ వేసుకుంటున్నారంటే, అమ్మల్లారా, ఆ దారి మన మట్టి మీద నుంచే పోయింది. ఇదంతా నేను తల ఊపుతూ వింటాను. కానీ ఫాదర్ ఒకటి చెప్పడు, చదువు నేర్చుకున్నాక నేనే బైబిల్లో అక్షరం అక్షరం కూడబలుక్కుని కనిపెట్టాను. దీవిలో దిగినప్పుడు ముందు బర్నబా పేరు, తర్వాత రెండోవాడి పేరు. దీవి దాటి ఓడ ఎక్కేసరికి ముందు పౌలు పేరు. ఒక్క దీవి నడిచే లోపు ముందున్నవాడు వెనక్కి పోయాడు. తన సొంత ఊళ్ళో, తను తీసుకొచ్చినవాడి చేతిలో. ఒకసారి ఫాదర్‌ను అడిగాను, ఆయనకు కుళ్ళు పుట్టలేదా అని. “ఆయన పరిశుద్ధుడమ్మా,” అన్నాడు. పరిశుద్ధుడైతే మాత్రం కడుపు ఉండదా? తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకుని విడిపోయారు, బర్నబా ఇంటికి, ఈ దీవికే తిరిగొచ్చేశాడు. బర్నబా చుట్టం మార్కును వెంట తీసుకెళ్ళాలా వద్దా అని పోట్లాడారంటారు. నేను నమ్మను. పోట్లాటకి ఎప్పుడూ పైకి చెప్పే కారణం ఒకటుంటుంది. అసలుది పాఫు దారిలో, ఏ మలుపులోనో, జనం ముందు రెండోవాడి వైపు చూసినప్పుడే మొదలై ఉంటుంది. ఆ చూపు ఆయన చూసే ఉంటాడు. నేనైతే చూసేదాన్ని.

ఇక్కడే కొట్టి చంపారు ఆయన్ని. మార్కు రహస్యంగా తీసుకెళ్ళి కరోబ్ చెట్టు కింద గుహలో పెట్టాడు. ఆ తర్వాత ఎక్కడ పెట్టారో కూడా జనం మరిచిపోయారు, వందల ఏళ్ళు. బర్నబా కూడా కనబడకుండా పోయినవాడే అన్న మాట. ఎవరో వేరే పట్టణం వాళ్ళు మా దీవి చర్చి మీద పెత్తనం చేస్తామన్నప్పుడు, అప్పుడు మా ఆర్చిబిషప్‌కు కలలోకి వచ్చాడు, ఫలానా చెట్టు కింద తవ్వు అన్నాడు. తవ్వితే ఎముకలు, రొమ్ము మీద సువార్త పుస్తకం. అది పట్టుకెళ్ళి చక్రవర్తి ముందు పెట్టారు, అపొస్తలుడి ఎముకలే మా దగ్గరుంటే మాకు ఇంకో పెద్ద ఎందుకని. ఆ రోజు నుంచి మా చర్చికి పైన ఎవరూ లేరు, మా ఆర్చిబిషప్ చక్రవర్తిలాగే ఎర్ర సిరాతో సంతకం పెడతాడు. ఎముకలు ఉన్నవాళ్ళదే పైచేయి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. లుకియాకు మొగుడి ఎముకలున్నాయి, ఆమెకు కలలు కూడా వస్తాయి. నా చిన్నప్పుడు ఎవరు ఈ కథ చెప్పినా సంబరంగా వినేదాన్ని. ఈ మధ్య ఆ ఆర్చిబిషప్ మీద కూడా నాకు కడుపుమంటే. వెతకని వాడికి బర్నబాయే వచ్చి ఎదురుగా నిలబడి చెట్టు గుర్తు చెప్పాడు.

హంబీస్ ఆ సలమీ తవ్వకాల్లోనే కూలికి పోయేవాడు. పాత సమాధుల్లో పడుకున్న వాళ్ళ మీద మట్టి, పెయింటు కుంచె లాంటి దాంతో దులిపేవాడు. సాయంత్రం కనుబొమల మీద ఆ తెల్లటి దుమ్ముతోనే వచ్చేవాడు. ఇవాళ ఒక ముసలమ్మని లేపాం, పళ్ళు నీకన్నా బాగున్నాయి అనేవాడు. తవ్వకాల్లో ఒక విదేశీ పిల్ల ఉండేది, గడ్డి టోపీ, ఎర్రగా కాలిపోయిన భుజాలు. ఆమె హంబీస్‌కు ఒక గాజు పూస చూపించి నవ్విందని ఎవరో చెబితే మూడు రోజులు అన్నం పెట్టలేదు నేను. “పిచ్చిదానా, అక్కడ నేను చూసేవన్నీ పుర్రెలే,” అని నవ్వాడు. అప్పుడు కుళ్ళుకోవడానికి ఎంత చిన్న చిన్న కారణాలు ఉండేవి, ఎంత రుచిగా ఉండేవి. మహా అయితే మూడో రాత్రికల్లా తీరిపోయేవి. ఇప్పుడు తవ్వి ఎముకలు తీసేవాళ్ళలో ఎవరో తెల్ల కోటు వేసుకున్న ఆడపిల్ల, ఆయన వాడిన లాంటి కుంచెతోనే, ఎక్కడో ఆయన మీద మట్టి దులుపుతూ ఉంటే చూడాలని కోరుకుంటున్నాను. ఏ పిల్లయినా సరే. భుజాలు ఎంత ఎర్రగా ఉన్నా సరే.

కిందటేడు, కనబడకుండా పోయినవాళ్ళను వెతికే ఆఫీసు నుంచి లుకియాను పిలిచారు. నేనే తోడు వెళ్ళాను, చెయ్యి పట్టుకోవడానికి. పొడుగు బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద టోఫీస్‌ను తల నుంచి కాలి దాకా వరసగా పేర్చారు, ఉన్నవి ఉన్నచోట, లేనివి ఖాళీగా. ఎండిపోయిన బావిలో దొరికాడు. అటువైపు ఊరి ముసలాయన ఒకడు, ఇక బరువు మొయ్యలేనని బావి ఎక్కడో చూపించాడట. అదే బావిలో ఇంకొందరు కూడా దొరికారు. మేమందరం మా మొగుళ్ళ రక్తసంబంధీకుల చేత రక్తం ఇప్పించి ఉన్నాం, ఎవరిది ఎవరితో కలుస్తుందో చూశారు. మా పిల్లది ఎవరితోనూ కలవలేదు. లుకియా ముట్టుకోవచ్చా అని అడిగింది. ముట్టుకోండమ్మా అన్నారు. ఆమె కుడిచేతి ఎముకలు ఏరి అరచేతిలో పెట్టుకుని, “ఈ వేలు చూడవే ఎలెంగూ, గానుగలో పడి వంకర తిరిగిన వేలు,” అని నాకు చూపించింది. ఏడుస్తూ నవ్వుతూ, కొత్తగా పుట్టిన బిడ్డ వేళ్ళు చూపించినట్టు. నేను ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను, ఓదార్చాను, నీళ్ళు తాగించాను. మనసులో మాత్రం ఆ వంకర వేలి మీద పడి ఉన్నాను, అది నాది కావాలని, దొంగిలించి జేబులో వేసుకుని పారిపోవాలని. తర్వాత పొట్టి పెట్టె, జెండా, జనం, చలువరాయి. ఇప్పుడు ప్రతి శనివారం దీపంలో నూనె పోస్తుంది. “ఈ వారం రాయి మీద ఎంత దుమ్ము పడిందో,” అని విసుక్కుంటుంది కూడా! విసుక్కోవడానికి ఒక రాయి ఉంది ఆమెకు. విధవ అనే మాట ఉంది. ఆ మాట కోసం నేను ఎంత ఆశపడ్డానో చెబితే ఎవరూ నమ్మరు. నన్ను ఏమనాలో తెలియక జనం నా ముందు మాట మార్చేస్తారు.

ఆ రోజు లారీ ఎక్కేటప్పుడు టోఫీస్ కాలు రెండుసార్లు జారింది. ఎక్కలేకపోయాడు. హంబీస్ ముందే ఎక్కి, వంగి, అతని చెయ్యి అందుకుని పైకి లాగాడు. లాగాక వదల్లేదు. నేను చూశాను, సైనికులు ఆడవాళ్ళను గోడవైపు నెడుతుంటే భుజాల మధ్య నుంచి చూశాను, ఇద్దరు మగాళ్ళు చిన్నపిల్లల్లాగా చేతులు పట్టుకుని లారీలో కూర్చున్నారు. పక్కన యాకోవీస్. హంబీస్ నా వైపు తిరిగి అరిచాడు, “పిల్లకి చెప్పులు వెయ్యి, నేల కాలుతోంది!” అంతే. ఇంకేదైనా చెప్పి ఉండొచ్చు. చెప్పులు వెతకడానికి లోపలికి పరిగెత్తాను, వచ్చేసరికి దుమ్ము తప్ప ఏం లేదు. డెబ్భై నాలుగు ఆగస్టు ఎండ అది. ఆయన చెయ్యి చివరగా ఎవరి చేతిలో ఉంది? నా చేతిలో కాదు. ఆ ఎముకల బల్ల దగ్గర కూడా ఆ చెయ్యే చూశాను, టోఫీస్ కుడి చెయ్యి, అందులో ఇంకో చెయ్యి ఉండాలి కదా, ఎక్కడ విడిపించారు, ఎవరు విడిపించారు. దాన్ని లుకియా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ చేతిని మా ఆయన పట్టుకున్నాడు, ఆ చేతిని ఆమె పట్టుకుంది, ఆయనకూ ఆమెకూ మధ్య అలా ఒక దారి పడింది, నేను పక్కన నీళ్ళ గ్లాసుతో నిలబడ్డాను. ఆ దారినే కలలోకి నడిచి వచ్చి ఉంటాడు.

మఠం ముందు బస్సు ఆగింది. ఇప్పుడది మ్యూజియం, పండగ నాడు మాత్రం పూజకు తెరుస్తారు. పూజ అయ్యాక అందరం సమాధి వైపు నడిచాం, యూకలిప్టస్ చెట్ల కింద. చిన్న గది, అందులోంచి గుహలోకి మెట్లు. ఒకేసారి నలుగురు దిగితే ఊపిరాడదు, అందుకే వరస. నా ముందు లుకియా, పళ్ళెంతో. నా వెనక మిరోఫోరా. లోపలి నుంచి మైనం వాసన, చల్లటి రాయి వాసన. లుకియా వెనక్కి తిరిగి మెల్లగా, “ఏమనుకున్నావే?” అంది. ఆ మెల్లదనం, ఆ మంచితనం, నాకు దానం చేస్తున్నట్టు, నా మొగుణ్ణి నాకే దానం చేస్తున్నట్టు. పొద్దుటి నుంచీ నాలిక కింద పెట్టుకున్నది బయటికొచ్చేసింది.

“ఏ చొక్కా వేసుకున్నాడు?”

“ఎవరు?”

“కలలో. మా ఆయన. ఏ చొక్కాతో వచ్చాడు నీ దగ్గరికి?”

లుకియా నోరు తెరిచింది. తెల్ల చొక్కా అనబోయి ఆగింది, ఆమె పెదాలు నాకు అంత బాగా తెలుసు.

“చెప్పవేం? గళ్ళదా, తెల్లదా? బొత్తాలు పెట్టుకున్నాడా? నీ ముందు బొత్తాలు లేకుండా నిలబడ్డాడా?”

“కల రాలేదే,” అంది. “హంబీస్ రాలేదు. ఎవరూ రాలేదు. నేనే అల్లాను. టోఫీస్‌కి ఒక్కడికే పెడుతుంటే నాకు ముద్ద దిగట్లేదు ఎలెంగూ. ఆ చెయ్యి పట్టుకున్నప్పటి నుంచి. పక్కన ఇంకో చెయ్యి ఉండాలి కదా అందులో. మామూలుగా అడిగితే నువ్వు ఒప్పుకోవని కల అన్నాను. దేవుడి ముందు చెబుతున్నాను, రాలేదు.”

“నేను చెప్పలే?” అంది వెనక నుంచి మిరోఫోరా, గెలిచినట్టు. “చిక్కుళ్ళు కూడా కాదు, పచ్చి అబద్ధం.”

రాలేదు. ఆమె దగ్గరికి రాలేదు. ముందు ఎంత హాయి కలిగిందో చెప్పలేను, ఎండలో చన్నీళ్ళు పోసినట్టు, నా మొగుడు పరాయి మంచం దగ్గర నిలబడలేదు, ఉప్పు కూడా అడగలేదు. ఆ హాయి కిందకి దిగే లోపే ఇంకొకటి పైకి వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి ఈ మెట్ల దాకా నేను ఏమేం అనుకున్నాను? ఎందుకు ఆమె దగ్గరికి వెళ్ళాడన్నాను. ఎలా కనిపించాడన్నాను. కూర్చున్నాడా, నీళ్ళు తాగాడా, ఏ చొక్కా. ఒక్కసారన్నా, ఒక్క క్షణమన్నా, ఆయన బతికే ఉన్నాడు కదా, కలలోకొచ్చి తిండి ఎలా అడుగుతాడు, లుకియా నువ్వు పొరబడ్డావు అని అనుకున్నానా? మిరోఫోరా ముఖం మీదే అబద్ధం అంటే ఆమె మీదే కోపం తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ నా నమ్మకం, పొద్దున్నే లేచి కల రాలేదని సంతోషపడిన నమ్మకం, ఆమె ఒక్క మాట అనగానే ఎటు పోయింది? అడ్డం రాలేదు. అసలు అక్కడ లేదు. ఎప్పటి నుంచి లేదో నాకే తెలియదు. బతికున్న మొగుడు పరాయి ఆడదాని కలలోకి వెళ్ళాడని ఏ పెళ్ళాం కుళ్ళుకోదు. చనిపోయినవాడి మీద పడే కుళ్ళు అది. రాత్రంతా పక్క మీద కూర్చుని నేను చేసింది అదే, చనిపోయిన మొగుడి కోసం పోట్లాడుతున్నాను. నా కడుపుకు ఎప్పుడో తెలిసిన సంగతి నాకే ఇప్పుడు తెలిసింది.

మా వంతు వచ్చింది. మెట్లు దిగాం. ఫాదర్ కొవ్వొత్తి వెలుగులో పళ్ళెం మీద సాంబ్రాణి తిప్పుతూ పేర్లు మొదలుపెట్టాడు. టోఫీస్ పూర్తి పేరు చదివాడు, క్రిస్టోఫోరోస్ అని, పాటలాగా సాగదీసి. లుకియా నా వైపు చూడలేదు. ఇక అడిగే ముఖం లేదనుకుంది కాబోలు. ఫాదర్ ఊపిరి పీల్చుకుంటున్నాడు, ముగించడానికి. “హరలంబోస్,” అన్నాను. ఆయనకు వినిపించలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి నోరు జారినట్టు అనొచ్చు, రెండోసారి అందరూ తిరిగి చూస్తుండగా, గట్టిగా, కావాలని చెప్పాలి. “హరలంబోస్, ఫాదర్. నా భర్త.” ఆ చిన్న గుహలో నా గొంతు నాకే తిరిగి తగిలింది. ఫాదర్ ఒక్క క్షణం నా ముఖం చూసి, కళ్ళు దించి, అదే రాగంలో చదివాడు. రాగంలో ఆ పేరు చాలా పొడుగ్గా ఉంది. ఇంట్లో ఎప్పుడూ అంత పొడుగ్గా ఎవరూ పిలవలేదు ఆయన్ని.

పైకి వచ్చాక లుకియా పళ్ళెం నా చేతికిచ్చి, చెంచా కూడా నాకే ఇచ్చి, “నువ్వు పంచు,” అంది. ముక్కు ఎర్రబడింది, ముసుగు జారింది. ఇన్నేళ్ళ స్నేహంలో మేం ఒకరికొకరం ఎన్ని వండి పెట్టుకున్నామో, ఇలాంటిది మాత్రం ఎప్పుడూ లేదు. చెట్టు నీడలో నిలబడ్డాను. మొదట మ్యూజియం కాపలా చూసే ఆవిడ వచ్చింది, అటువైపు మనిషి, అరచెయ్యి పట్టి, గింజలు నోట్లో వేసుకుని, తన భాషలో ఏదో అంది, రొమ్ము మీద చెయ్యి వేసుకుని. తర్వాత మా బస్సువాళ్ళు. “దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి,” అంటున్నారు ఒక్కొక్కరే. ఈ మాట నేను వందల మంది ఆడవాళ్ళతో అన్నాను, గోధుమలు తిన్న ప్రతి ఇంటి ముందూ. దానికి ఇంటావిడ తిరిగి చెప్పే మాట ఒకటుంటుంది. అది నేను ఎన్నడూ అనలేదు, అనే అర్హత లేదు. “మీకు ఆయుష్షు,” అన్నాను. తర్వాతి వాళ్ళకీ అన్నాను. నాలుగైదు సార్లు అన్నాక అది నా మాట అయింది, ఏడుపు కూడా ఆ మాట వెనకే దారి చూసుకుని వచ్చింది, ఎవరి ఇంటికో కాకుండా సరిగ్గా నా ఇంటికే.

మిరోఫోరా చివర వచ్చింది. చెయ్యి చాపలేదు.

“తీసుకోవే.”

“వద్దు. పళ్ళలో ఇరుక్కుంటాయి.”

“ఒక్క చెంచా.”

“ఇంతకీ బస్సులో నా పక్కన కూర్చుంటావా,” అంది ఆమె, “ఇక మీరిద్దరూ ఒక జట్టేనా?”

నవ్వించడానికే అంది, ఎప్పటిలాగే. కానీ కళ్ళు నవ్వలేదు. గోధుమల మీద నుంచి నా ముఖం మీదకి, నా తడిసిన ముఖం మీద నుంచి చెంచా పట్టుకున్న చేతి మీదకి పాకింది ఆ చూపు. దాన్ని నేను ఎరుగుదును. ఏడాదిగా అది నా కళ్ళ వెనక ఉంది, బయటి నుంచి చూస్తే ఇలా ఉంటుందని తెలియదు, ఇంత చిన్నపిల్ల చూపు అని. నేను ఊ అనకపోయి ఉంటే ఆమె ఇలా చూసేది కాదు. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. నాకు ఎవరి మాటా పనికి రాలేదు, ఎవరి మంచితనమూ అసలే పనికి రాలేదు. అందుకని పళ్ళెం లుకియా చేతిలో పెట్టి, వచ్చి మిరోఫోరా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను, భుజానికి భుజం తగిలేట్టు. ఆమె కొంచెం పక్కకి జరిగింది. నేనూ జరిగాను.